గుంటూరు మిర్చి కల్లంలో ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్

ఎర్రని మిర్చి కల్లాన్ని నలుపు తెలుపు ఫిల్ముతో తీయబోతున్నానంటే ఇంట్లో నవ్వారు. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మును పరీక్షించడానికి గుంటూరు చుట్టుపక్కల అంతకంటే కఠినమైన చోటు దొరకదన్న నమ్మకంతోనే, మార్చి నెలలో 36 ఫ్రేముల రీలును పెంటాక్స్ కె1000 కెమెరాలో వేసుకుని వెళ్లాను.

మొదట అడ్డుపడింది ఎండ. వెలుగును చురుగ్గా పట్టే ఈ ఐఎస్‌ఓ 400 ఫిల్ముకు మిట్టమధ్యాహ్నం ఎఫ్ 16 (లెన్సు రంధ్రం కొలత; అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది) దగ్గర సెకనులో 500వ వంతు సరిపోతుంది. ఈ కెమెరా షట్టరు 1000వ వంతును మించి పరుగెత్తదు కనుక లెన్సును ఎఫ్ 11 కంటే ఎక్కువ తెరవడానికి వీల్లేకపోయింది. రంధ్రం చిన్నదైతే దూరపువీ మసకబారవు; అందుకే వెనకనున్న లారీలూ టార్పాలిన్ పట్టాలూ ప్రతి ఫ్రేములోకీ స్పష్టంగా చొరబడ్డాయి.

అసలు చిక్కు రంగుతో వచ్చింది. ఎర్రని కాయా, పచ్చని తొడిమా ప్రింటులో దాదాపు ఒకే బూడిద ఛాయలో కలిసిపోయాయి. ఎరుపు ఫిల్టరు బిగిస్తే ఆకాశం గంభీరంగా నల్లబడింది గానీ, మంచి కాయ కూడా తెల్లబడి, రంగు వెలిసిన తాలు కాయలా కనిపించింది. ఆ ఫొటో చూసి ఏ వ్యాపారీ క్వింటాలుకు సరైన ధర కట్టడు. ఆకుపచ్చ ఫిల్టరుతో ఎర్ర కాయలు ముదురుగానూ తాలు కాయలు తెల్లగానూ విడివిడిగా వచ్చాయి. పైగా అది రెండు స్టాపుల వెలుగును, అంటే నాలుగింట మూడు వంతులను, మింగడంతో లెన్సును ఎఫ్ 5.6 దాకా తెరవగలిగాను, లారీల బెడదా తీరింది.

అదే కల్లాన్ని ఫోనుతో రంగుల్లో తీసినప్పుడు చూపంతా ఎరుపే లాగేసుకుంది. ఈ ప్రింట్లలో ముందుగా కనిపించేవి తాలు ఏరుతున్న స్త్రీల చేతులు, వేళ్లకు పట్టిన దుమ్ము, ఎండిన కాయల ముడతలు. ఫిల్ము రేణువులు ఆకాశంలో మచ్చల్లా తోచినా ఆ ముడతలకు మాత్రం చక్కగా అమరాయి.

ఫిల్మును కడిగే ఐడి-11 డెవలపరు ద్రావణాన్ని పలచన చేయకుండా వాడితే 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషాలు పడుతుంది. మన కుళాయి నీటితో ఆ చల్లదనం సాధ్యం కాదు; ఫిల్ము కడిగే డబ్బా చుట్టూ ఐసు ముక్కలు పేర్చుకోవాల్సిందే.

సరుకు నాణ్యతను చూపాల్సినవారికి ఈ ఫిల్ము పనికిరాదు, మనుషులను తీయదలచినవారు నిస్సంకోచంగా కొనవచ్చు. నేను మరో రీలు తెప్పించాను. ఈసారి ఎరుపు ఫిల్టరును ఇంట్లోనే ఉంచి వెళతాను.