సన్ యట్ సేన్ కోటు కోసం షాంఘైలో తొమ్మిది రోజులు

1920ల నాటి నమూనాలో ఒక ఝోంగ్‌షాన్ సూటు కుట్టించుకోవాలనే ఉద్దేశంతోనే గత అక్టోబరులో తొమ్మిది రోజులు షాంఘైలో గడిపాను. చైనా గణతంత్రానికి మూలపురుషుడైన సన్ యట్ సేన్‌ను ఆ దేశంలో సన్ ఝోంగ్‌షాన్ అని పిలుస్తారు. ఆయన పేరు మీదే ఈ దుస్తులకు ఆ పేరు వచ్చింది. బయటి ప్రపంచం దీనిని మావో సూటు అంటుంది గాని, మావో కంటే ముందే, 1929లోనే, నాన్జింగ్ రాజధానిగా ఉన్న అప్పటి గణతంత్ర ప్రభుత్వం దీనిని తన ఉద్యోగుల దుస్తులుగా నిర్ణయించింది. నాలుగు జేబులు, ఎదురుగా ఐదు గుండీలు, ముంజేతి దగ్గర మూడేసి చిన్న గుండీలు ఉంటాయి. నాలుగు జేబులు నాలుగు సద్గుణాలకు, ఐదు గుండీలు ప్రభుత్వంలోని ఐదు విభాగాలకు, మూడు గుండీలు సన్ యట్ సేన్ ప్రబోధించిన మూడు ప్రజాసూత్రాలకు గుర్తులని చెబుతారు. ఈ అర్థాలు తరువాతి కాలంలో చేర్చినవే అయినా, దర్జీలు ఇప్పటికీ వాటిని ఎంతో గౌరవంగా వివరిస్తారు.

నా పెళ్లికి హైదరాబాద్ పత్తర్‌గట్టిలో షేర్వానీ కుట్టించుకున్నప్పటి నుంచి మెడపట్టీ మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. షేర్వానీకి పట్టీ నిలువుగా ఉండి అక్కడితో ఆగిపోతుంది. ఝోంగ్‌షాన్ సూటుకు అదే నిలువు పట్టీ మీద మరొక మడత బయటికి వాలుతుంది, గొంతు దగ్గర లోపలివైపు చిన్న హుక్కు ఉంటుంది. తొలినాళ్ల కోట్లలో ఆ మడత చిన్నది, మెడను అంటిపెట్టుకుని ఉండేది. 1950లలో బీజింగ్‌లోని హోంగ్‌డూ అనే దుకాణం దర్జీలు మావో కోసం దానిని వెడల్పు చేసి కొసలు సూదిగా తీర్చారు. బీజింగ్ తియానన్మెన్ ద్వారం మీది మావో చిత్రపటంలో కనిపించేది ఆ రూపమే. అందువల్ల షాంఘైలో ఏ దర్జీని అడిగినా ముందుగా ఆ పెద్ద కాలరునే గీస్తారు. పాత ఫోటోలు నాలుగైదు పెద్ద సైజులో ముద్రించి తీసుకువెళ్లకపోతే మన మనసులో ఉన్నది వారికి చేరదు.

జాతీయ దినోత్సవ సెలవులు సాధారణంగా అక్టోబరు మొదటి వారమంతా ఉంటాయి కనుక 9వ తేదీన దిగాను. మొదటి రెండు రాత్రులు నాన్జింగ్ రోడ్డు పక్కన పెద్ద హోటల్లో ఉన్నాను. గది బాగుంది, కాని కొలతలకు, ట్రయల్‌కు, ఆల్టరేషన్‌కు పదే పదే తిరగవలసిన మనిషికి అది దూరం. మూడవ రోజు నాన్‌పూ బ్రిడ్జి మెట్రో స్టేషన్ దగ్గర చిన్న బసకు మారాను; అద్దె సగమే, దర్జీల అంగళ్లున్న బట్టల మార్కెట్ నడిచి వెళ్లేంత దగ్గర. గది ఇరుకు, కిటికీ లోపలి సందులోకి తెరుచుకుంటుంది. అయినా ఈ పని మీద వెళ్లేవారికి అదే మేలని చెబుతాను.

నగరం నడిబొడ్డున ఉన్న ఒక ఖరీదైన దుకాణంలో మొదట అడిగాను. 4,800 యువాన్లు చెప్పారు. అది భారమే అయినా, నన్ను వెనక్కి తిప్పింది ధర కాదు. కచ్చా కుట్లతో ట్రయల్ వేయడం తమ పద్ధతి కాదని, మూడు రోజుల్లో పూర్తి చేసి ఇస్తామని అన్నారు. భుజాలకు మందమైన ప్యాడ్లు లేకుండా కుట్టమంటే ఒప్పుకోలేదు. మెడ చుట్టూ అతుక్కోవలసిన కోటును ఒక్క ట్రయల్ కూడా లేకుండా కుట్టించుకోవడం నాకు సమ్మతం కాలేదు.

లూజ్యాబాంగ్ రోడ్డు 399వ నంబరులోని సౌత్ బండ్ బట్టల మార్కెట్ మూడు అంతస్తుల్లో వందలాది చిన్న అంగళ్లతో నిండి ఉంటుంది. ఆ రోడ్డు పేరుతోనే వేరే మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ దిగితే చాలా దూరం నడవాలి. అంగళ్లలో బేరం తప్పదు, గుడ్డ విషయంలో జాగ్రత్తా తప్పదు. ఉన్ని అని చూపిన గుడ్డల్లోంచి పోగు తీసి కాల్చి చూపమని అడిగాను. గద్వాల, పోచంపల్లిలో పట్టును పరీక్షించినట్టే ఇక్కడా: వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే అది ఉన్ని, కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. రెండు అంగళ్లలో పూసే మిగిలింది. మూడో అంగడి పెద్దావిడ నేను అడగకముందే అగ్గిపుల్ల గీసి చూపింది. ఆమె దగ్గరే బూడిదరంగు ఉన్ని ఎంచుకుని, ప్యాంటుతో కలిపి 1,600 యువాన్లకు, రెండు ట్రయల్స్ షరతు మీద ఒప్పుకున్నాం. మాటలన్నీ ఫోనులోని అనువాదం ద్వారానే సాగాయి. డబ్బు కూడా మన వీసా కార్డును అలీపే అనే చెల్లింపుల యాప్‌కు కలిపి ఫోనుతోనే చెల్లించాను. ఆ ఏర్పాటు ఇంట్లోనే చేసుకుని బయలుదేరడం మంచిది.

కొలతలు తీసిన టేపుకు ఒకవైపు చైనా కొలమానం ఉంది. మూడు చి ఒక మీటరు, పది త్సున్ ఒక చి. మన 38 అంగుళాల ఛాతీ ఆ టేపు మీద 2 చి 9 త్సున్ అవుతుంది. ఆమె రాసుకున్న అంకెలను అంగుళాల్లోకి మార్చి ఒక్కొక్కటే సరిచూసుకున్నాను.

మొదటి ట్రయల్ నిరాశపరిచింది. కాలరు మెడకు వేలెడు దూరంలో నిలబడింది, మడత కూడా వెడల్పుగానే వచ్చింది. కుట్టే మేస్త్రీని పిలిపించమని కోరాను. అరవై దాటిన ఆయన ఫోటోను చాలాసేపు చూసి, ఏమీ వాదించకుండా, కాలరును అక్కడికక్కడే విప్పేసి, లోపల బిగువు కోసం పెట్టిన గట్టి బక్రం గుడ్డ తీసి పలుచనిది పెట్టి, నా మెడ మీదే కాగితం మడిచి కొత్త కొలత తీసుకున్నాడు. పై జేబు మూతను తలకిందులు చేసిన కుంచెల స్టాండు ఆకారంలో కత్తిరించాలని, ఎడమ మూతలో కలం పెట్టుకునే చీలిక వదలాలని ఆయనే గుర్తుచేశాడు. ఈ పర్యటనలో నేను పొందిన అత్యుత్తమ సేవ ఆ అరగంటే.

రెండో ట్రయల్‌కు ముందు దొరికిన రోజున హైస్పీడు రైలులో నాన్జింగ్ వెళ్లి, 392 మెట్లెక్కి సన్ యట్ సేన్ సమాధి మందిరం చూశాను. సోమవారం మూసి ఉంటుంది, ముందుగా బుక్ చేసుకోవాలి. రియోలోని క్రీస్తు విగ్రహాన్ని చెక్కిన పాల్ లాండోవ్‌స్కీయే ఇక్కడి కూర్చున్న విగ్రహాన్ని కూడా చెక్కాడు. అందులో సన్ యట్ సేన్ సంప్రదాయ పొడవాటి అంగీలో ఉంటాడు. లోపలి గదిలోని శయన విగ్రహానికి మాత్రం ఝోంగ్‌షాన్ సూటే ఉంది. ఒకే మందిరంలో ఒకే మనిషికి రెండు కాలాల దుస్తులు ఉండటం నన్ను చాలాసేపు అక్కడే నిలిపింది. షాంఘైలో శియాంగ్‌షాన్ రోడ్డులోని ఆయన నివాసం చిన్నది, గంటలో చూసేయవచ్చు. 1918 నుంచి 1924 వరకు ఆయన ఉన్న ఆ ఇంటి ముందు తోట ప్రశాంతంగా ఉంటుంది.

రెండో ట్రయల్‌లో కాలరు సరిగ్గా కూర్చుంది. హుక్కు పెట్టుకున్నా తల తిప్పడానికి ఇబ్బంది లేదు. చంక కింద కొద్దిగా బిగువుంటే అదే సాయంత్రం వదులు చేశారు. కింది జేబుల అంచు కుట్టు మాత్రం ఒకచోట వంకరగా ఉంది. విప్పితే గుడ్డ మీద సూది రంధ్రాలు కనిపిస్తాయని మేస్త్రీ చెప్పడంతో అలాగే వదిలేశాను. ఎనిమిదో రోజు రాత్రి కోటు చేతికిచ్చేటప్పుడు పెద్దావిడ రెండు అదనపు గుండీలు, జానెడు మిగులు గుడ్డ కాగితంలో చుట్టి లోపలి జేబులో పెట్టింది.