సరుగుడు చెట్ల కింద వేసిన వర్మీకంపోస్టు సంగతి

ముందే చెప్తున్నా, వర్మీకంపోస్టు, అదే వానపాముల ఎరువు, బాగుంది, దాంతో పాటు నాకు అంటగట్టిన సున్నం మాత్రం శుద్ధ దండగ. షాపు ఒంగోల్లోనే, పేరు రాయను, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి కదా.

మాది కొత్తపట్నం వైపు, ఇసుక నేల. ఇంటి వెనక మా మామయ్య ఎప్పుడో గాలికి అడ్డంగా ఉంటాయని నాటిన ఏడు సరుగుడు చెట్లున్నాయి, మా పుట్టింట్లో సర్వి అంటారు. వాటి కింద బంతి వేశా, వంగ వేశా, ఆఖరికి తోటకూర కూడా చల్లా, అన్నీ జానెడు లేచి పసుపెక్కి ఆగిపోయేవి. యూట్యూబ్‌లో వెతికితే అంతా పైన్ చెట్ల గురించే, సూదుల్లాంటి ఆకులు రాలి నేలలో ఆమ్లం పెరిగి పులిసిపోతుందని. మన సరుగుడు చూడ్డానికి అలా ఉంటుంది గానీ అసలు పైన్ జాతే కాదు, ఆ సూదులు ఆకులూ కావు, సన్నటి రెమ్మలు. కణుపు దగ్గర విరిచి చూడండి, చుట్టూ పొలుసుల్లా కనిపించేవే ఆకులు.

షాపాయన కూడా ఆ వీడియోలే చూసినట్టున్నాడు. "మీ నేల పులిసిపోయిందమ్మా, సున్నం కలపందే ఏదీ రాదు" అని 20 కిలోల మూట ఆటోలో ఎక్కించేశాడు. మావారు మాత్రం ముందు మట్టి పరీక్ష చేయిద్దామన్నారు. రాలిన రొట్ట పక్కకు లాగి, నాలుగైదు చోట్ల ఆరంగుళాల లోతున మట్టి తీసి, బాగా కలిపి అరకిలో ఇచ్చాం. పీహెచ్ 7.6 వచ్చింది, ఏడు కంటే తగ్గితేనే పులుపు, ఇంక మా నేలలో పులుపెక్కడిది? సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ పేడా లాంటివి ఇచ్చే సారం, మాత్రం బాగా తక్కువ. ఆ మాటకొస్తే నిజం పైన్ చెట్ల కింద కూడా రాలిన సూదుల వల్ల నేల పెద్దగా పులియదట, అక్కడా నీడ, వేళ్లు, నీళ్లందకపోవడమే అసలు బాధ. సున్నం మూట విప్పకుండా తీసుకెళ్తే వాపసు లేదన్నాడు. ఇప్పటికీ మెట్ల కిందే ఉంది.

వర్మీకంపోస్టు 50 కిలోల మూట 450 రూపాయలు, ఆరు తీసుకున్నా. ఐదు మూటలు పొడిపొడిగా, టీ పొడిలా, తొలకరి మట్టి వాసనతో చక్కగా ఉన్నాయి. ఆరోది తడి ముద్ద, గుప్పిట పట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలని రూలు, ఇక్కడ మనం నీళ్లు తూకమేసి కొంటున్నట్టు! ఫొటో పంపితే మాట్లాడకుండా మార్చాడు, ఆటో కిరాయి మాత్రం నాదే.

తర్వాత జరిగింది నా తెలివితక్కువే. చెట్ల కింద రెండంగుళాల మందాన పరిచి మొక్కలు పెట్టా. మొదట్లో కళగా ఉన్నాయి, రెండు నెలలకి మళ్లీ పాత కథే. ఒక మూల ఎరువు ఎత్తి చూస్తే చాపలా మొత్తం ఒక్కటిగా లేచొచ్చింది, కింద జుట్టులాంటి సన్న వేళ్లు అల్లుకుపోయి ఉన్నాయి. ఎరువంతా సరుగుడే తినేసింది. దానికి అవసరమా అంటే అదీ లేదు, దాని వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. వేళ్లు నరుకుదామంటే తుపాను గాలికి చెట్టు ఇంటి మీద పడుతుందని భయం.

మిగిలిన రెండు మూటలతో పద్ధతి మార్చా. పాత నీలం డ్రమ్ములు అడ్డంగా కోయించి, అడుగున చిల్లులు పెట్టి, చెట్ల వరస నుంచి కాస్త ఎండ తగిలే చోటికి జరిపి ఇటుకల మీద ఎత్తుగా కూర్చోబెట్టా, నేలకి ఆనిస్తే చిల్లుల్లోంచి వేళ్లు దూరతాయి. ఎర్రమట్టి, ఈ కంపోస్టు, పేడనీళ్లు చల్లి గుంటలో మగ్గబెట్టిన సరుగుడు రొట్ట సమానంగా కలిపా. ఆ రొట్ట తొందరగా కుళ్లదు, ఆరు నెలలకీ సగమే అయింది. దొరువు (ఇసుకలో తవ్విన లోతులేని బావి) నీళ్లు పొద్దునా సాయంత్రం పోస్తున్నా. వంకాయలు ఇప్పటికి మూడు కోతలు కోశా.

కంపోస్టుకి నాలుగు స్టార్లు, సలహాకి సున్నా. కొనేవాళ్లు ప్రతి మూటా విప్పించి గుప్పిట పట్టి చూశాకే డబ్బులివ్వండి, ఆయనేం అనుకోడు.