నిర్ణయాల్లో నైతికత: ఒక ఆన్‌లైన్ శిక్షణ కోర్సుపై సమీక్ష

కొత్త ఉత్పత్తులను రూపొందించే బృందాలకు నైతిక నిర్ణయాలు ఎలా తీసుకోవాలో నేర్పుతామంటూ వస్తున్న ఆన్‌లైన్ కోర్సుల్లో ఒకదాన్ని ఇటీవల చివరిదాకా పూర్తి చేశాను. చాలెంజర్ వ్యోమనౌకపై ఉన్న ఒక్క పాఠం కోసమైనా దీనిలో చేరవచ్చు. మిగతా వాటిలో సగం చూడకపోయినా నష్టం లేదు.

1986 జనవరి 28న, నింగికెగసిన 73 సెకన్లకే చాలెంజర్ ముక్కలై ఏడుగురు మరణించారన్నది చాలామందికి తెలిసిందే. కోర్సు ఆ దృశ్యంతో మొదలుపెట్టకుండా, ముందురోజు రాత్రి ఫోన్ సమావేశంలో ఇంజనీర్ల దగ్గరున్న సమాచారాన్ని మాత్రమే మన చేతికిచ్చి, ప్రయోగానికి ఒప్పుకుంటారో లేదో గడువులోగా తేల్చమంటుంది. నౌకను పైకి నెట్టే బూస్టర్ రాకెట్ల అతుకులను మూసి ఉంచే ఓ-రింగులనే రబ్బరు వలయాలు చలికి గట్టిపడితే వేడి వాయువులు బయటికి తన్నుకొస్తాయని భయపడిన బూస్టర్ తయారీ సంస్థ ఇంజనీర్లు, 53 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చల్లగా ఉంటే ప్రయోగం వద్దన్నారు. కానీ సురక్షితమని రుజువు చేయాల్సిన చోట, ప్రమాదకరమని రుజువు చేయాల్సిన భారం వారి మీదే పడింది; చివరికి సంస్థ పైఅధికారులు మాట మార్చారు. రుజువు భారం అలా చేతులు మారిన క్షణాన్ని ఈ పాఠం పట్టుకున్న తీరు నిజంగా మెచ్చదగినది.

ఇంతటి పట్టు తర్వాత ఎక్కడా కనిపించదు. పరీక్ష జరుగుతోందని పసిగట్టి పొగను తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ దాదాపు కోటీ పది లక్షల కార్లలో పెట్టిందని 2015లో బయటపడితే, కోర్సు దాన్ని దురాశ అని ఒక్క మాటతో ముగించేసింది. ఆ కోడ్ రాసినవారు, పరీక్షించినవారు ఏమనుకుని ఊరుకున్నారన్నది కదా అడగాల్సింది! 1959లో మూడు చోట్ల బిగించే సీటు బెల్టును తెచ్చిన వోల్వో, దాని పేటెంటును ఇతర కంపెనీలూ వాడుకోనిచ్చిన ఉదంతం కూడా ప్రశంసతోనే సరి.

వ్యక్తిత్వంపై పాఠమైతే ఉత్త ప్రశ్నావళి. “నేను నిజాయతీపరుడిని” అన్న వాక్యానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేసుకోమంటే, తక్కువ వేసుకునేవారెవరు?

అభ్యంతరం ఎవరు చెప్పారు, ఏ ఆధారంతో చెప్పారు, దాన్ని ఎవరు తోసిపుచ్చారు అని నమోదు చేసే ఒక పేజీ ఫారం మాత్రం పనికొస్తుంది. చేరేవారు ఒంటరిగా కాకుండా బృందంగా చేరడం మేలు. పక్కనుంచి తొందరపెట్టే పైఅధికారి పాత్ర ఎవరో ఒకరు వేయకపోతే చాలెంజర్ అభ్యాసం మామూలు క్విజ్‌గా మిగిలిపోతుంది.