ఎగ్మోర్‌లో 2,400 గది, 15 రూపాయల తిమింగలం

చెన్నై ఎగ్మోర్ స్టేషన్ దగ్గర లాడ్జి ఆన్‌లైన్‌లో బుక్ చేసేవాళ్లు ఫొటోలు నమ్మకండి. మేం 1,800కి ఏసీ గది తీసుకున్నాం. పొద్దున్నే దిగితే, చెకిన్ పన్నెండింటికి, ఇప్పుడే కావాలంటే ఇంకో 600 అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. కట్టాం. గదిలో ఏసీ ఉంది, రిమోట్ లేదు. అడిగితే దానికి 200 డిపాజిట్ అట! గీజర్ స్విచ్‌కి టేపు చుట్టేశారు. మా ఆవిడ దుప్పటి ఎత్తి చూసి, మంచం మీద తన చీర పరుచుకుని కూర్చుంది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మెరీనా బీచ్‌కి కూడా ఆవిడ తల అడ్డంగా ఊపితే, దగ్గరే కదా అని గవర్నమెంట్ మ్యూజియంకి వెళ్లాం. 1851లో పెట్టింది. మా దగ్గర టికెట్ మనిషికి 15 తీసుకున్నారు. కంచు విగ్రహాల గురించి అందరూ రాస్తారు, నేను రాయను. మేం కదలకుండా నిలబడిపోయింది తిమింగలం అస్థిపంజరం దగ్గర.

"నాన్నా, అది ఈత రెక్క కాదు, చెయ్యి!" అంది పదో తరగతి చదివే మా అమ్మాయి. నిర్మాణసామ్య అవయవాలని, అంటే పనులు వేరైనా లోపలి కట్టడం ఒకటే అయిన అవయవాలని, రెండు మార్కుల కోసం బట్టీపట్టిన పాఠం అక్కడ ఎదురుగా ఉంది. భుజాస్థి ఒకటి, దాని కింద ముంజేతి ఎముకలు రెండు, రత్ని, అరత్ని, తర్వాత మణికట్టు, వేళ్లు. మన చేతిలోనూ అదే వరస. కాకపోతే తిమింగలానికి కొన్ని వేళ్లలో మనకంటే ఎక్కువ ఎముకలుంటాయి. ఏనుగు ముందుకాలు, గబ్బిలం రెక్క కూడా ఈ కోవలోవే. రిచర్డ్ ఓవెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1843లోనే ఈ పోలికను నిర్వచించాడు గానీ, అందరికీ ఒకే పూర్వీకులు ఉండటమే కారణమని వివరించింది 1859లో డార్విన్. లేకపోతే ఈదేదానికీ ఎగిరేదానికీ ఒకే ఎముకల వరస ఎందుకు?

"మరి సీతాకోకచిలుక?" అంది మా ఆవిడ. పొద్దుటి నుంచి అదే మొదటి మాట. దాని రెక్కలో ఎముకే లేదు, పని ఒకటే గానీ పుట్టుక వేరని కూతురు టీచరమ్మలా చెప్పింది. నడుము దగ్గర వెనక కాళ్ల తాలూకు చిన్న ఎముకలు తిమింగలాలకు ఇంకా మిగిలాయని కూడా అమ్మాయి అంటే, మా ఆవిడ వాటి కోసం వెతకడం మొదలెట్టింది.

శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి. ఒక పూట మొత్తం పెట్టుకోండి. భోజనం ముగ్గురికీ 540 అయింది, పప్పు బాగుంది, గోంగూర అడిగితే లేదన్నారు. రెండో రాత్రికి ఆ లాడ్జి ఖాళీ చేసి, టీ నగర్‌లో 2,100కి మారాం. అక్కడ రిమోట్ ఏసీ కిందే ఉంది.