ఎన్‌సీడీయూ: మెయిల్ సర్వర్ డిస్క్ నిండిన రోజు ఆదుకుంది, ఒక్కచోట మాత్రం హ్యాండిచ్చింది

ఎన్‌సీడీయూ (ncdu) అంటే లినక్స్‌లో ఏ ఫోల్డర్ ఎంత డిస్క్ తింటుందో చూపించే చిన్న టూల్. విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసుకి మెయిల్ సర్వర్ నేనే చూసుకుంటా. పెద్దదేం కాదు, 40 జీబీ వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్), మెయిల్ తీసుకుని పంపే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు చూసుకునే డవ్‌కాట్, 22 మెయిల్ ఐడీలు. జులై నెలాఖరు, రిటర్నుల హడావిడి, పొద్దున్నే ఫోన్, "అన్నా, క్లయింట్లు ఫారం 16 పంపామంటున్నారు, మాకు ఒక్కటీ రాలేదు, సార్ అరుస్తున్నారు" అని ఆఫీసులో పనిచేసే అమ్మాయి. లాగిన్ అయ్యి చూస్తే లాగ్ నిండా 452 ఎర్రర్లే, స్టోరేజ్ లేదని. డిస్క్‌లో ఖాళీ ఎంతో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే 100 పర్సెంట్ నిండింది, మిగిలింది 60 ఎంబీ. ఇంకా 60 ఉందిగా అనుకుంటారేమో, పోస్ట్‌ఫిక్స్ అలా ఊరుకోదు, ఒక మెయిల్‌కి మనం పెట్టిన సైజ్ లిమిట్‌కి ఒకటిన్నర రెట్లు ఖాళీ లేకపోతే కొత్త మెయిల్ తీసుకోనే తీసుకోదు. నేను లిమిట్ 50 ఎంబీ పెట్టా, అంటే 75 కంటే తగ్గితే తలుపు మూసేస్తుందన్నమాట. అదృష్టం ఏంటంటే 452 తాత్కాలిక ఎర్రర్, అవతలి సర్వర్లు మెయిల్‌ని క్యూలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ట్రై చేస్తాయి, కాబట్టి ఏదీ పోలేదు.

ఇంతకీ డిస్క్ ఎవరు తిన్నారు? పాత పద్ధతిలో అయితే ఫోల్డర్ సైజ్ చెప్పే డీయూ కమాండ్ కొట్టి, ఒక్కో ఫోల్డర్‌లోకి దిగి, మళ్ళీ కొట్టి, అలా గంట పోతుంది. ఎన్‌సీడీయూ అదే పని కూర్చోబెట్టి చూపిస్తుంది. ఆప్ట్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే సెకన్లలో వచ్చేస్తుంది, కొన్ని కేబీలే కాబట్టి ఆ 60 ఎంబీలోనే సర్దుకుంది. రూట్ (/) ఫోల్డర్ నుంచి, ఆ ఒక్క డిస్క్ దాటకుండా మైనస్ ఎక్స్ (-x) పెట్టి నడపండి, మర్చిపోవద్దు, లేకపోతే మౌంట్ చేసి ఉన్న బ్యాకప్ డ్రైవ్‌లోకి కూడా దూరిపోయి అరగంట తిరిగొస్తుంది. స్కాన్ అయ్యాక పెద్ద ఫోల్డర్ పైన, చిన్నది కింద, పక్కన హ్యాష్ గుర్తులతో బార్, యారో కీలతో లోపలికి వెళ్ళడం బయటికి రావడం, అంతే, మౌస్ లేదు మాయ లేదు.

నేను మెయిల్‌బాక్సులే అనుకున్నా. కాదు. వార్ (/var) లోపల లాగ్ ఫోల్డర్, అందులో మెయిల్ డాట్ లాగ్ ఒక్కటే 9 జీబీ, పోయిన వారంది ఇంకో 6. రెండు వారాల కింద ఎవరి ఫోన్‌లోనో మెయిల్ సింక్ అవట్లేదంటే డవ్‌కాట్‌లో ప్రతి చిన్న విషయం లాగ్‌లో రాసే మెయిల్ డీబగ్ ఆన్ చేసి మర్చిపోయింది నేనే. పాత లాగ్‌లని పక్కకి తీసి కుదించే లాగ్‌రొటేట్ ఉంది కదా అంటే, ఉంది, వారానికోసారి అని ఉంది, పైగా కుదింపుని ఒక విడత వాయిదా వేసే డిలేకంప్రెస్ సెట్టింగ్ వల్ల పోయిన వారం ఫైల్ కుదించకుండా అలాగే పడుంది.

ఇక్కడే హ్యాండిచ్చింది. ఆ 9 జీబీ మీద కర్సర్ పెట్టి డీ (డిలీట్ కీ) కొట్టా, అవును అన్నా, ఎన్‌సీడీయూలో 9 జీబీ మాయం, కానీ డీఎఫ్ మాత్రం అదే 100 పర్సెంట్! చెమటలు పట్టాయి. సంగతేంటంటే లాగ్‌లు రాసే ప్రోగ్రాం ఆర్‌సిస్‌లాగ్ ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకునే ఉంది, పేరు పోయినా జాగా పోలేదు, తెరిచి ఉన్న ఫైళ్ళు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ప్లస్ ఎల్ 1 (+L1) ఇస్తే డిలీటెడ్ అని పక్కన రాసి మరీ చూపించింది. పేరే లేని ఫైల్ ఎన్‌సీడీయూకి కనిపించదు, దాని తప్పు కూడా కాదు. ఆర్‌సిస్‌లాగ్ రీస్టార్ట్ చేయగానే 9 జీబీ వచ్చి పడింది. ఇకపై బతికున్న లాగ్ మీద డీ కొట్టను, ఫైల్‌ని ఉంచి లోపలిది ఖాళీ చేసే ట్రంకేట్ కమాండ్‌తో సున్నా చేస్తా.

డీ కీ ఇంకో రకంగానూ ప్రమాదమే, మెయిళ్ళుండే ఫోల్డర్ మెయిల్‌డిర్‌లో ఉండగా వేలు జారితే ఎవరి ఇన్‌బాక్సో గంగలో కలిసినట్టే, అందుకే మైనస్ ఆర్ (-r) పెట్టి రీడ్ ఓన్లీగా నడుపుతున్నా, ట్రాష్‌లో 30 రోజులు దాటినవి డవ్‌కాట్ సొంత డిలీట్ కమాండ్ డవ్అడ్మ్ ఎక్స్‌పంజ్‌తో తీస్తున్నా, అప్పుడు డవ్‌కాట్ ఇండెక్స్ కూడా సరిగ్గా ఉంటుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం సీ కీ, ఏ ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్ళో చూపిస్తుంది. మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్ కదా, ఒకాయన జంక్ ఫోల్డర్‌లో లక్షా 40 వేల ఫైళ్ళు, సైజ్ చూస్తే 1 జీబీ చిల్లరే, ఇలాంటివాళ్ళు బాగా ఎక్కువైతే జాగా ఉండగానే ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి డిస్క్ కేటాయించే నంబర్లు) అయిపోవచ్చు. అలా లక్షల చిన్న ఫైళ్ళున్న చోట స్కాన్ నత్తనడకే, అది ముందే చెప్పాలి. ఎన్‌సీడీయూ రెండో వెర్షన్‌ని జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాశారు, మెమరీ తక్కువ తింటుంది, ఆప్ట్‌తో మాత్రం చాలా సర్వర్లలో మొదటిదే వస్తుంది.

ఫ్రీ టూల్, అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర డీ కీకి కోత. లాగ్‌రొటేట్‌ని రోజూకి మార్చి మ్యాక్స్‌సైజ్ (లాగ్ సైజ్ పరిమితి) పెట్టా, డీబగ్ ఆపేశా. ఏమైందన్నా అని ఆ అమ్మాయి అడిగితే డీబగ్ సంగతి చెప్పలేదు లెండి, సర్వర్‌లో చెత్త నిండిందమ్మా అన్నా. "మరి రోజూ ఊడ్చుకోవాలి కదన్నా" అంది.