గుంటూరులో 21 రోజుల కబడ్డీ శిబిరం: ఒక వ్యాయామ ఉపాధ్యాయిని సమీక్ష

గత మే నెలలో మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల బాలికలను ఆరుగురిని వెంటబెట్టుకుని గుంటూరులోని ఒక ప్రైవేటు కబడ్డీ శిబిరానికి వెళ్లి, 21 రోజులూ వారితోపాటే అక్కడ ఉన్నాను. ఒక్కొక్కరికి రుసుము 3,000 రూపాయలు. వసతి, భోజనం అందులోనే. లోపాలను నిర్వాహకులకు ముఖాముఖిగానే చెప్పి వచ్చాను కనుక శిబిరం పేరు రాయడం లేదు. చిన్న పట్టణాల నుంచి ఇలాంటి చోటికి పిల్లలను తీసుకువెళ్లే నా తోటి వ్యాయామ ఉపాధ్యాయులకు ఉపయోగపడాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా మ్యాట్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మేము వెళ్లిందే దాని కోసం. మా బడిలో ఉన్నది మట్టి కోర్టు. అక్కడ ఒట్టి కాళ్లతో ఆడి గెలిచిన పిల్లలు పై స్థాయి ఎంపికల్లో బూట్లు తొడుక్కుని మ్యాట్ ఎక్కగానే తడబడతారు. మట్టిలో పాదం కొంత జారుతుంది. మ్యాట్ మీద బూటు అతుక్కుపోయినట్టు నిలుస్తుంది, ఒళ్లు తిరిగినా పాదం తిరగదు, ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. ఇక్కడి శిక్షకుడు మొదటి నాలుగు రోజులు ఒక్కరిని కూడా కూతకు పంపలేదు. ఎలా పడాలి, పడుతున్నప్పుడు చేతిని ఎక్కడ ఉంచాలి, చీలమండ పట్టుకు వంగినప్పుడు తల ఏ పక్కన ఉండాలి అన్నవే నేర్పించారు. పిల్లలు విసుక్కున్నారు కానీ, ఐదో రోజున, కూతకు వచ్చినవారిని చేయి చేయి కలిపి ఆపే గొలుసు పట్టు పట్టినప్పుడు మా అమ్మాయిలు భయం లేకుండా కలిసికట్టుగా కదలడం చూసి నా కడుపు నిండింది. ఈ ఒక్క పనికే మేము కట్టిన రుసుము చెల్లిపోయింది.

రెండో మంచి విషయం బరువు. వయసు విభాగాల పోటీల్లో బరువు పరిమితి ఉంటుంది. పరిమితి కన్నా ఒక కిలో ఎక్కువ ఉన్న పిల్లను తూకం ముందు రోజు పస్తు ఉంచడం, నీళ్లు తాగనివ్వకపోవడం, స్వెట్టరు వేయించి పరుగెత్తించడం మన మైదానాల్లో చూస్తూనే ఉన్నాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక అమ్మాయిని అలా పరుగెత్తించాను, ఆమె కళ్లు తిరిగి పడిపోయిన సాయంత్రాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. గుంటూరులో మే ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఈ శిక్షకుడు మొదటి రోజే అందరి బరువులూ రాసుకుని, పరిమితి దాటిన వారు పై విభాగంలో ఆడతారే తప్ప ఎవరినీ పస్తు ఉంచేది లేదని తల్లిదండ్రుల ఎదుటే చెప్పారు.

ఎవరు ఎక్కడ ఆడాలో తల్లిదండ్రుల ఎదుట అలా నిక్కచ్చిగా చెప్పడం ఎంత కష్టమో చిన్న ఊళ్లో పనిచేసిన వారికే తెలుస్తుంది. జట్టులో 12 మంది, కోర్టులో ఏడుగురు. మిగిలిన ఐదుగురి తల్లిదండ్రులూ రోజూ కూరగాయల కొట్టు దగ్గరో, గుడి దగ్గరో ఎదురుపడేవారే. జట్టుకు జెర్సీలు కొనిచ్చిన పెద్దమనిషి కూతురు బెంచీ మీద కూర్చుంటే మరుసటి ఏడు జెర్సీలు రావు. షీల్డు గెలవాలని కోరుకునే బడిలోనే, సంక్రాంతి దాటగానే పదో తరగతి వారికి ఆటల పీరియడు ఉండదు. ఆదివారాల్లో మా ఉపాధ్యాయుల కోసం ప్రత్యేకంగా పెట్టిన రెండు గంటల సమావేశంలో ఇవన్నీ మాట్లాడుకోగలిగాం. ఎంపికకు ముందే కొలమానాన్ని నోటీసు బోర్డు మీద పెట్టి, సాధనలో ఎవరు ఎన్ని పట్లు పట్టారో, ఎన్ని కూతల్లో పాయింట్లు తెచ్చారో వారం వారం రాసి చూపమని శిక్షకుడు సలహా ఇచ్చారు. జూన్‌లో బడి తెరిచాక అలాగే చేశాను. తన కూతురిని ఎందుకు ఆడించడం లేదని అడగడానికి వచ్చిన ఒక తండ్రి ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడి, పట్టు నేర్చుకోవడానికి అమ్మాయిని ఉదయం పూట కూడా పంపనా అని అడిగి వెళ్లారు.

భోజనం బాగుంది, ఉదయం రాగిజావ, ఉడికించిన శనగలు, గుడ్డు తప్పకుండా ఇచ్చారు. ముప్పై మంది బాలికలకు రెండే మరుగుదొడ్లు ఉండడం మాత్రం క్షమించరానిది. దెబ్బలు తగిలితే చూడడానికి ఫిజియోథెరపిస్టు లేరు, ఒక ఐసు పెట్టె ఉంది, అంతే.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆఖరి వారం. నిర్వాహకులు రోజూ సాయంత్రం పిల్లల పాయింట్లను, వీడియోలను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టారు. ఆ రాత్రి నుంచే ఫోన్లు. పక్కింటి అమ్మాయికి ఆరు వస్తే నీకు రెండేనా అని తల్లి అడుగుతుంటే దుప్పటి కప్పుకుని ఏడ్చిన పిల్లను నేను ఓదార్చాను. ముగింపు రోజు అతిథుల ముందు ప్రదర్శన పోటీ పెట్టారు. మోకాలు వాచిన ఒక అమ్మాయిని ఆడించవద్దని శిక్షకుడు రెండుసార్లు అన్నారు. నిర్వాహకుడు మూడోసారి అడిగేసరికి ఆయన మౌనంగా కట్టు బిగించి ఆమెను నిలబెట్టారు. మూడు వారాలుగా నేను గౌరవించిన మనిషి తలవంచిన ఆ క్షణంలో ఆయన మీద కోపం రాలేదు, జీతం ఇచ్చేవారి ముందు నేను తలవంచిన రోజులు గుర్తుకువచ్చాయి. ఆ పిల్ల మా బడి పిల్ల కాకపోయినా, నేనే వెళ్లి చేయి పట్టుకుని గీత బయటకు తీసుకువచ్చాను.

శిక్షణకు ఐదుకు నాలుగున్నర, నిర్వహణకు రెండు ఇస్తాను. వచ్చే వేసవిలోనూ ఇదే శిక్షకుడు ఉంటే మా పిల్లలను తీసుకువెళతాను, కానీ వాట్సాప్ గ్రూపులో మా తల్లిదండ్రుల నంబర్లు చేర్చవద్దని చేరే రోజే రాసి ఇస్తాను, ముగింపు పోటీకి ముందు రోజే తిరుగు బస్సు ఎక్కుతాము. వెళ్లేవారు మ్యాట్ బూట్లు ముందే కొని పది రోజులు వాడించి తీసుకువెళ్లండి. కొత్త బూట్లతో మా వారిలో ఇద్దరికి మొదటి రోజే మడమలు పుండ్లయ్యాయి.