క్రోమాఫిన్ కణాల రిగ్‌కి ఇన్‌లైన్ హీటర్: మూడేళ్లు వాడాక

క్రోమాఫిన్ కణాలంటే అడ్రినల్ గ్రంథిలో అడ్రినలిన్ విడిచే కణాలు, రిగ్ అంటే వాటి విద్యుత్ సంకేతాలు కొలిచే సరంజామా. కణాల మీదికి పారే ద్రవాన్ని గొట్టం దారిలోనే వేడి చేసేది ఇన్‌లైన్ హీటర్. ముందే చెప్పేస్తున్నా, దాని కంట్రోలర్ తెర మీద కనిపించే అంకె కణం దగ్గరి వేడి కాదు. నిమిషానికి ఒకటిన్నర మి.లీ. ద్రవం పోతున్నప్పుడు హీటర్ మూతి దగ్గర 40 డిగ్రీలుంటే డిష్ మధ్యలో 35 దాటకపోవచ్చు. ఆయిల్ ఆబ్జెక్టివ్ (నూనె చుక్కతో డిష్‌కి ఆనే మైక్రోస్కోప్ లెన్స్) ఆనించారంటే అది ఇంకాస్త వేడి లాగేస్తుంది. అందుకే రెండో థర్మిస్టర్ (వేడి కొలిచే సెన్సర్) పెట్టుకునే వీలులేని మోడల్ దండగ. దాని పూసను కణానికి ఒకటి రెండు మి.మీ. దూరంలో ఉంచి, ఆ అంకెనే ఫైల్‌లో రికార్డు చేయాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, కణపు పొరలో తెరిచి ఉన్న ఛానెల్ (అయాన్లు దాటే ద్వారం) గుండా అయాన్ల ప్రవాహం పది డిగ్రీలకు సుమారు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. ఛానెల్ తెరుచుకుని మూసుకునే వేగం మాత్రం రెండు నుంచి నాలుగు రెట్లవుతుంది. 22 డిగ్రీల దగ్గర సాఫీగా కనిపించిన కాల్షియం కరెంట్ 37 దగ్గర పెద్దదై, చురుగ్గా లేస్తుంది. కాబట్టి సిరీస్ రెసిస్టెన్స్ కాంపెన్సేషన్ (పిపెట్ అడ్డు వల్ల వచ్చే వోల్టేజీ తప్పును దిద్దే సెట్టింగ్) మళ్లీ సరిచేయాల్సిందే.

ఆంపెరోమెట్రీలో (కణం విడిచిన పదార్థాన్ని ఎలక్ట్రోడ్ దగ్గర పుట్టే కరెంట్‌గా కొలిచే పద్ధతిలో) తేడా కళ్లకు కడుతుంది. 5 మైక్రాన్ల కార్బన్ ఫైబర్‌ను +700 మిల్లీవోల్టుల దగ్గర పట్టి కణానికి ఆనిస్తే, కణంలోని ఒక్కో గుళిక విడిచిన అడ్రినలిన్ ఒక్కో స్పైక్. గది వేడిలో అవి బొద్దుగా, అరుదుగా వస్తాయి. 37 దగ్గర సన్నగా, పొడుగ్గా, గుంపులుగా వస్తాయి. వేగమైన మార్పులను కోసేసే పాత ఫిల్టర్ సెట్టింగ్‌తోనే తీస్తే స్పైక్ నెత్తి తెగిపోతుంది, అది కణం గుణమని పొరబడతారు. రెండు డిగ్రీలు అటూ ఇటూ ఊగిన రికార్డింగ్‌లలో స్పైక్ వెడల్పులు పోల్చడం వృథా.

హెపెస్ (పీహెచ్‌ను నిలిపే బఫర్) ద్రావణం పీహెచ్ 22 దగ్గర 7.4కి సరిచేసి వేడి చేస్తే 37కి చేరేసరికి దాదాపు 0.2 తగ్గుతుంది. వేడి మీదే సరిచేయండి. బుడగలు ఇంకో బెడద. సీసాలోనే 40కి కాచి, పావుగంట వాక్యూమ్ పెట్టకపోతే హీటర్ గొట్టంలో గాలి చేరుతుంది, ఒక్క బుడగ వచ్చి తగిలిందంటే గాజు పిపెట్ మొన కణానికి గట్టిగా అతుక్కున్న సీల్ (గిగాసీల్) పోయినట్టే. గిగాసీల్ గది వేడిలోనే చేసుకుని, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పెంచితే పిపెట్ తక్కువ జరుగుతుంది. రిఫరెన్స్ వెండి తీగను (వోల్టేజీ కొలతకు ఆధారమయ్యే తీగ) వేడి ద్రవం పారే దారిలో ఉంచకండి, ఆఫ్‌సెట్ (కొలత మొదలయ్యే సున్నా) జారుతుంది. ఆ తీగను పక్కన ఉంచి, అగార్ బ్రిడ్జితో (ఉప్పు కలిపిన అగార్ జెల్ నింపిన గొట్టం) కలపడం మేలు.

మా యూనిట్‌లో నచ్చనిది, ప్రవాహం ఆగినా హీటర్ ఆగదు. ట్యూబ్ మడత పడితే లోపలి ద్రవం మరిగిపోతుంది. పల్స్‌లతో వేడి చేసే రకం కొంటే ఆ టిక్కులన్నీ ట్రేస్‌లో (రికార్డయిన గీతలో) కనిపిస్తాయి. నిలకడైన కరెంట్‌తో నడిచే డీసీ రకమే తీసుకోండి, ధర ఎక్కువైనా సరే.

ఉప్పు నీళ్లలో నానీ నానీ థర్మిస్టర్ పూత పగులుతుంది, అంకె మెల్లగా తప్పుతుంది. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్‌లో నలగ్గొట్టిన ఐసు వేసి ముంచి, సున్నా చూపిస్తోందో లేదో చూసుకోవాలి.